ఉత్తరం వైపు సన్‌షేడ్ ఎందుకు మేడమ్?

ఈ ప్రశ్న నన్ను ఇప్పటికి నలుగురు అడిగారు. ఒకరు క్లయింటు తరఫు ఇంజినీరు, ఒకరు కాంట్రాక్టరు, మిగతా ఇద్దరూ మా ఆఫీసు పిల్లలే. జవాబు చెప్తాను గానీ ముందు కథేంటో వినండి.

విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీకి (పేరు వద్దులెండి, మా ఫీజు ఇంకా రావాలి) పిల్లలు కూర్చుని చదువుకోడానికీ, స్కాలర్‌షిప్ ఆగినా మనసు బాలేకపోయినా వచ్చి ఎవరితోనైనా చెప్పుకోడానికీ కలిపి ఒకే బిల్డింగ్ డిజైన్ చేస్తున్నాం. మొదటి మీటింగులోనే "గ్రీన్ బిల్డింగ్ కావాలి, ప్లాటినం రేటింగ్ రావాలి" (గ్రీన్ బిల్డింగులకిచ్చే రేటింగుల్లో అదే పై మెట్టు) అన్నారు. అని, ఫోన్ తీసి ఒక ఫొటో చూపించారు. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ టెక్నికల్ యూనివర్సిటీలో ఉన్న స్టడీ పెవిలియన్. చుట్టూ అద్దాలే. "ఇలాగే ఉండాలి మేడమ్."

నాకూ ఆ బిల్డింగంటే పిచ్చి ఇష్టం. గుస్తావ్ డ్యూసింగ్, మాక్స్ హాకె అనే ఇద్దరు కుర్ర ఆర్కిటెక్టులు చేశారు, 2024లో యూరప్ వాళ్ల ఆర్కిటెక్చర్ అవార్డు, మీస్ వాన్ డెర్ రోయె అవార్డు, దానికే వచ్చింది. కానీ దాని గొప్పతనం అద్దాల్లో లేదు. మూడేసి మీటర్ల గళ్లు గీసుకుని, స్తంభమైనా దూలమైనా ఒకే 10 సెంటీమీటర్ల చదరపు స్టీలు గొట్టంతో కట్టారు. రేపు అక్కర్లేదనుకుంటే విప్పి ఇంకోచోట బిగించుకోవచ్చు. పైగా లోపల ఎవరికి నచ్చిన మూల వాళ్లు కూర్చుంటారు. మనం తెచ్చుకుంటే ఇవి తెచ్చుకోవాలి. బ్రౌన్‌ష్వైగ్ 52 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, అక్కడ ఎండొస్తే చుట్టమొచ్చినంత సంబరం. మనది 16న్నర. ఆ అద్దాల పెట్టెను ఏప్రిల్‌లో గన్నవరం వైపు పెడితే లోపల వడియాలు ఎండబెట్టుకోవచ్చు.

ఇక సన్‌షేడ్ సంగతి. ఉత్తరం కిటికీకి ఎండ రాదు, నీడ అక్కర్లేదు అని మేం చదివిన పుస్తకాల్లో ఉండేది, అవి చాలావరకు చలిదేశాల వాళ్లు రాసుకున్నవి. విజయవాడలో మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. పొద్దున ఈశాన్యం నుంచి, సాయంత్రం వాయవ్యం నుంచి వాలుగా కొడతాడు. అందుకే ఉత్తరం కిటికీలకు పైన సన్‌షేడ్, పక్కల నిలువు రెక్కలు. ఇదంతా వాస్తు కోసమేమో అనుకున్నాడు కాంట్రాక్టరు, నేనూ కాదనలేదు, పనైతే చాలు.

బిల్డింగ్‌ను తూర్పు పడమరలకు పొడవుగా పెట్టి, ఎండ ముఖాన కొట్టే ఆ రెండు చివర్లలో మెట్లు, బాత్‌రూములు, స్టోర్లు సర్దాం. గోడలకు ఫ్లైయాష్ ఇటుక, పై శ్లాబు మీద ఎండను వెనక్కి కొట్టే తెల్ల చైనా మొజాయిక్ (పింగాణీ పెంకు ముక్కలు). వీటికి పెద్ద ఖర్చు లేదు కాబట్టి మీటింగులో ఎవరూ సరిగా విననేలేదు. సోలార్ ప్యానెళ్ల స్లైడు రాగానే మాత్రం అందరూ కుర్చీల్లో ముందుకి వంగారు.

అసలు యుద్ధం ఏసీ దగ్గర. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఒక లెక్క ఉంది, అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ వాళ్లు మన దేశంలో ఆఫీసుల్లో పనిచేసేవాళ్లనే అడిగి తయారుచేసింది. ఇటీవలి రోజుల్లో బయటి సగటు ఉష్ణోగ్రతను 0.54తో గుణించి 12.83 కలపాలి, కిటికీలు తెరిచి ఉంచే బిల్డింగ్‌లో మనవాళ్లకు ఎంత వేడి ఇబ్బంది అనిపించదో వస్తుంది. బయట సగటు 32 అనుకుంటే లోపల 30. ముప్పయ్యా అని నవ్వారు. మీ ఇంట్లో ఫ్యాను కింద ఎంత ఉంటుందో ఒకసారి థర్మామీటరు పెట్టి చూడండి సార్ అన్నాను. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది, కొత్తరకం మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర ఆగిపోతుంది. అలాగని నేను మడి కట్టుకుని కూర్చోలేదు. పరీక్షలు ఏప్రిల్, మే నెలల్లో పడతాయి, కృష్ణ పక్కన ఆ ఉక్కపోతలో వట్టి ఫ్యానుతో ఎవరి బుర్రా పనిచేయదు. అందుకని కింద ఒక్క హాలుకే ఏసీ, అదీ 26 మీద పెట్టి ఫ్యాను తిప్పుతూ. మిగతాదంతా కిటికీలు, వరండాలు.

నిజం చెప్పాలంటే, అన్నిటికంటే గ్రీన్ పని క్యాంపస్ వెనకున్న పాత వర్క్‌షాప్ షెడ్డును బాగుచేసుకుని వాడుకోవడం. రెండో మీటింగులో ఆ మాట అన్నాను, మినిట్స్‌లో కూడా రాయలేదు. పాత షెడ్డుకి శంకుస్థాపన చేయలేరు కదా మరి.

డిజైన్‌లో సగం మార్పించింది మాత్రం నైట్ డ్యూటీ వాచ్‌మన్ తాత. పిల్లలు ఎక్కడ చదువుతారో చూద్దామని ఒకరోజు రాత్రి పదకొండింటికి వెళ్లాను. లైబ్రరీకి తొమ్మిదికే తాళం. పిల్లలేమో ఏటీఎం మెట్ల మీద, బస్టాపు లైటు కింద, ప్లగ్ పాయింట్ ఉన్న ఒక మెట్లగదిలో కిక్కిరిసి. "ఏసీ కాదమ్మా, ఈళ్లకి కావాల్సింది ప్లగ్గు" అన్నాడు తాత. ఉస్మానియాలో చెట్ల కింద పుస్తకాలు పరుచుకుని గ్రూప్స్‌కి చదివేవాళ్లను చూసినవాళ్లకి ఇదేం కొత్త కాదు. మర్నాడే వరండా పొడవునా కడప బండ అరుగులు గీశాం, రెండు గజాలకో ప్లగ్గు. అక్కడున్న మూడు కానుగ చెట్లు పోకుండా బిల్డింగ్‌నే వెనక్కి జరిపాం.

ఆ రాత్రి ఒక్క ఆడపిల్ల కూడా కనపడలేదు. వాళ్ల హాస్టల్ గేటు ఎనిమిదింటికి మూసేస్తారట. ఇరవై నాలుగు గంటల స్టడీ సెంటర్ అని బ్రోషర్‌లో వేసుకుంటున్నారు, ఎవరికి ఇరవై నాలుగు గంటలు? హాస్టల్ వైపు ఒక తలుపు, లైట్లున్న కప్పు దారి గీసి పెట్టాను. తెరవడం వాళ్ల చేతిలో ఉంది.

కౌన్సెలింగ్ గది గొడవ ఇంకా తేలలేదు. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో, 100 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌ను పెట్టాలని చెప్పింది. దాంతో యూనివర్సిటీ వాళ్లు మెయిన్ ఎంట్రన్స్ పక్కనే, రిసెప్షన్‌కి ఎదురుగా, పెద్ద బోర్డుతో గది వేయమన్నారు. క్లాసంతా చూస్తుంటే ఆ తలుపు ఎవరు తడతారండీ? నేను దాన్ని పైఅంతస్తుకి మార్చి, స్కాలర్‌షిప్ ఫారాలు, ప్రింటౌట్లు ఇచ్చే కౌంటర్ దారిలోనే పెట్టాను. అటు వెళ్లేవాడు దేనికెళ్తున్నాడో ఎవరికీ తెలియదు. మాట బయటికి రాకుండా గోడలు మందంగా. లోపల ఒక వాష్‌బేసిన్, ఏడ్చినవాళ్లు మొహం కడుక్కోడానికి. వెనక మెట్లవైపు రెండో తలుపు. సెక్యూరిటీ సమస్య అని ఆ రెండో తలుపు కొట్టేశారు, మళ్లీ గీశాను, మళ్లీ కొట్టేశారు.

మంగళవారం ఇంకో మీటింగుంది. తలుపు మళ్లీ గీసి పట్టుకెళ్తున్నా. సన్‌షేడ్ గురించి ఐదో మనిషి అడుగుతాడని తెలుసు కాబట్టి ఈసారి ఒక ఫొటో కూడా: జూన్‌లో సాయంత్రం ఐదింటికి మా ఇంట్లో ఉత్తరం కిటికీలోంచి ఎండొచ్చి మంచం మీద పడింది, మా పిల్లి దాని పక్కకి జరిగి పడుకుంది.