‘చెప్పలేను’ అనే గడి

గుంటూరు కొత్తపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి నింపిన ప్రశ్నావళుల కట్ట నా చేతికి వచ్చిన రోజున, నాలుగు కాగితాలు తిరగేసేసరికే ఎక్కడో తేడా వచ్చిందని అర్థమైంది. ‘సమస్య ఉంటే మా వార్డులో నోరు విప్పి చెప్పవచ్చు’ అన్న వాక్యానికి ‘పూర్తిగా అంగీకరిస్తున్నాను’ అని గుర్తు పెట్టిన నర్సులే, ‘మా వార్డులో ఎవరైనా తప్పు చేస్తే దాన్ని మనసులో పెట్టుకుంటారు’ అన్న వాక్యానికీ అదే గడిలో గుర్తు పెట్టారు. చాలా కాగితాల్లో పై వరుస నుంచి కింది వరుస దాకా టిక్కులన్నీ ఒకే నిలువు గీతలా ఉన్నాయి. మానవ వనరుల నిర్వహణలో పరిశోధన చేస్తున్న నాకు ఆ కట్ట వల్ల తెలిసివచ్చిన సంగతులను, ఇదే దారిలో ఉన్న తోటి పరిశోధక విద్యార్థుల కోసం రాస్తున్నాను.

నా పరిశోధనాంశం పనిచోట మానసిక భద్రత. అంటే తెలియనిది అడిగినా, పొరపాటు ఒప్పుకున్నా, పైవారి మాటపై అనుమానం వెలిబుచ్చినా తనకు కీడు జరగదన్న నమ్మకం. ఈ అంశంపై పేరుపొందిన అమెరికన్ పరిశోధకురాలు ఆమీ ఎడ్మండ్‌సన్ హార్వర్డ్‌లో విద్యార్థినిగా ఉన్న రోజుల్లో, రెండు ఆసుపత్రుల్లోని ఎనిమిది యూనిట్లలో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. కలసికట్టుగా పనిచేసే యూనిట్లలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఊహించగా, లెక్కలు దానికి ఎదురుగా వచ్చాయి. నాయకత్వం బాగున్న చోటే నమోదైన పొరపాట్లు ఎక్కువగా కనిపించాయి. ఈ ఫలితాలేవీ తెలియని ఒక సహాయ పరిశోధకుణ్ణి ఆ యూనిట్లకు పంపి చూడగా, కొన్నిచోట్ల సిబ్బంది పొరపాట్ల గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుంటున్నారని, మరికొన్నిచోట్ల భయంతో కప్పిపుచ్చుకుంటున్నారని తెలిసింది. ఆ వ్యాసం 1996లో వెలువడింది. తరువాత 1999లో ఒక తయారీ సంస్థలోని 51 బృందాలపై చేసిన అధ్యయనంలో ఆమె ఏడు వాక్యాల కొలమానాన్ని వాడారు. నేను తెలుగులోకి తెచ్చినది ఆ ఏడు వాక్యాలనే.

తేవడం అంత తేలిక కాలేదు. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వివరించిన పద్ధతి ప్రకారం ఒకరు తెలుగులోకి అనువదిస్తే, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. ఆ పాఠాన్ని మూలంతో పోల్చి చూసుకోవాలి. నా మొదటి అనువాదం ఈ పరీక్షలో చక్కగా నెగ్గింది. కానీ ‘ఈ బృందంలో రిస్క్ తీసుకోవడం సురక్షితం’ అన్న వాక్యం చదివిన ఒక పెద్దవయసు స్టాఫ్ నర్సు, ‘రిస్క్ అంటే పేషెంటుకా అమ్మా? మేమెందుకు తీసుకుంటాం?’ అని అడిగారు. ఆమె ప్రశ్న న్యాయమైనది. మందు ఇచ్చే చేతికి రిస్క్ అన్న మాట ప్రాణాపాయంగానే వినిపిస్తుంది. అప్పుడు ఆమెనే కూర్చోబెట్టి అడగగా, డోసు గురించి అనుమానం వచ్చి డాక్టరు గారిని మళ్లీ అడిగితే ‘మాట పడాల్సి వస్తుంది’ అన్నారు. నాకు కావలసిన మాట అదే. ‘అనుమానం వస్తే అడిగినందుకు మా వార్డులో నేను మాట పడను’ అని వాక్యాన్ని తిరగరాసుకున్నాను. ‘బృందం’ అన్న మాటను కూడా తీసేశాను, ఎందుకంటే అందులో డాక్టర్లున్నారా, ఆయాలున్నారా అని ఎవరికీ తేలలేదు. ‘మా వార్డు’ అంటే అందరికీ ఒకటే అర్థం. ఇలా మార్చడం వల్ల ఇతర దేశాల ఫలితాలతో పోలిక కొంత బలహీనపడుతుందని నాకు తెలుసు. పోలిక కోసం అర్థాన్ని వదులుకోవడానికి మాత్రం నేను సిద్ధంగా లేను.

వాక్యాలు సరిగ్గా కుదిరాక కూడా ఒకే నిలువు గీత వచ్చిందంటే, ఆ తప్పు పూర్తిగా నాది. కాగితాలను ఇన్‌చార్జ్ సిస్టర్ చేతికిచ్చి, ఆమె చేతనే తిరిగి తీసుకున్నాను. ఎవరి ముందు నోరు విప్పగలరా అని అడుగుతున్నానో, వారి చేతుల మీదుగానే జవాబు తెప్పించుకున్నాను. రెండోసారి అంటించే కవర్లు ఇచ్చి, పేరు, వయసు, ఎన్నేళ్ల అనుభవం అన్న గడులు తీసేసి, తెనాలి, పొన్నూరు బస్సుల కోసం బయలుదేరే వేళ డ్యూటీ దిగిన వారిని ఆసుపత్రి బయట కలిశాను. ‘మేడమ్ చూడరు కదా?’ అన్నదే దాదాపు అందరి మొదటి ప్రశ్న.

మొదటి కట్టను ఏం చేయాలన్న దానిపై నాకు వచ్చిన సలహా ఒకటి ఇక్కడ చెప్పాలి. ఏడింటిలో ‘తప్పు చేస్తే మనసులో పెట్టుకుంటారు’ లాంటి వ్యతిరేకార్థంలో ఉన్న వాక్యాలను తీసేస్తే, కొలమానం నిలకడను చూపే క్రాన్‌బాక్ ఆల్ఫా అనే అంకె, సాధారణంగా సరిపోతుందనుకునే 0.7 దాటుతుంది, ఇక ఇబ్బంది ఉండదు అన్నారు. లెక్క ప్రకారం అది నిజమే. కానీ ఆల్ఫా చెప్పేది వాక్యాలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంతగా పొసుగుతున్నాయన్నదే తప్ప, ఆ జవాబులు నిజమా కాదా అన్నది కాదు. భయపడి ఎవరికి వారు పై నుంచి కింది దాకా ఒకే గడిలో గుర్తు పెట్టుకుంటూ పోయినా ఆ పొంతన వస్తుంది. ఆ భయాన్ని బయటపెట్టినవి వ్యతిరేక వాక్యాలే గనుక వాటిని ఉంచి, మొదటి కట్టను విశ్లేషణ నుంచి తప్పించి, ఎందుకు తప్పించానో సిద్ధాంత గ్రంథంలో వివరంగా రాయాలని నిశ్చయించుకున్నాను. ఇందువల్ల ఆరు నెలలు ఆలస్యమవుతుంది.

కవర్లలో వచ్చిన కాగితాల్లో ఒకటి నన్ను మరింత ఆలోచింపజేసింది. ‘పూర్తిగా అంగీకరిస్తున్నాను’ నుంచి దానికి పూర్తి వ్యతిరేకం దాకా జవాబులను వరుసగా పేర్చే, లైకర్ట్ అనే మనస్తత్వవేత్త 1932లో ప్రవేశపెట్టిన అయిదు మెట్ల పద్ధతిలో నడిమి గడికి నేను ‘చెప్పలేను’ అని పేరు పెట్టాను. ‘తటస్థం’ అన్నది పుస్తకాల మాట అనిపించింది. ఒకరు ఏడింటికీ ఆ గడిలోనే గుర్తు పెట్టి, అంచున పెన్సిలుతో ‘తెలియక కాదు’ అని రాశారు. ఎటూ తేల్చుకోలేకపోవడం, తెలిసీ నోరు మెదపలేకపోవడం, ఈ రెండింటికీ తెలుగులో ‘చెప్పలేను’ అనే అంటామన్న సంగతి నాకు అంతవరకు తట్టనే లేదు. ఇప్పుడు నడిమి గడిని ‘ఎటూ తేల్చుకోలేను’ అని మార్చి, వరుస చివర ‘చెప్పడానికి వీలుపడదు’ అని ఆరో గడిని వేరుగా చేర్చాను. సర్వసాధారణంగా ఇలాంటి గుర్తులను జవాబు రానివాటి కింద కట్టి పక్కన పెడతారు. నేను వాటిని వార్డులవారీగా విడిగా లెక్కిస్తాను.