ముల్లంగి ఆకు మీద పురుగు

పర్లాకిమిడి, జనవరి

పప్పులోకి ముల్లంగి ఆకు కోద్దామని పెరట్లోకి వెళ్తే ఆకుల నిండా చిల్లులే. నల్లటి పురుగులు, వేలు తగిలితే చాలు చుట్టచుట్టుకుని కింద పడి చచ్చినట్టు ఉండిపోతున్నాయి. గొంగళి పురుగులంది అమ్మ. పక్కింటి మావుసీ గోడ మీంచి చూసి బూడిద చల్లమంది.

నాకు మాత్రం కాళ్లు లెక్కపెట్టందే తోచలేదు. ఒకదాన్ని గాజుసీసాలో వేసి ఎండకు పట్టి చూశాను. తల వెనక మూడు జతల అసలు కాళ్లు. పొట్ట కింద మెత్తటి బొడిపె కాళ్లు ఎనిమిది జతలు! సీతాకోకచిలుక పిల్లకైతే ఆ బొడిపెలు ఐదు జతలకు మించవు. అంటే ఇది తేనెటీగలు, కందిరీగలు, చీమల వంశం. ఆవ, ముల్లంగి ఆకులు తినే రంపపు ఈగ పిల్ల.

"కుడుతుందేమో, వదిలెయ్యవే" అంది అమ్మ. పెద్దదైనా కుట్టదు. ఆడదాని పొట్ట చివర రంపం ఉంటుంది, దాంతో ఆకు అంచు కోసి గుడ్డు పెడుతుంది. ఆ గుడ్లు పెట్టే సాధనమే తర్వాతి కాలంలో తేనెటీగకు, కందిరీగకు ముల్లయింది. సన్నటి నడుమూ తర్వాత వచ్చిందే, రంపపు ఈగకు అది లేదు.

మధ్యాహ్నమంతా వీటిలో కాండం తొలిచే జాతుల గురించే చదివాను. మన వరిలో కాండం తొలిచి తెల్లకంకి తెచ్చేది సీతాకోకచిలుకకు చుట్టమైన రెక్కల పురుగు పిల్ల, దాని వంశం వేరు. ఉత్తర అమెరికా గోధుమలో ఆ పని రంపపు ఈగది. పిల్ల బతుకంతా కాండం లోపలే కాబట్టి పొట్ట కింద బొడిపె కాళ్లే లేవు. కోతలు దగ్గరపడేసరికి మొదలు దాకా దిగి, లోపల్నించే కాండాన్ని చుట్టూ కోసి, కింద మిగిలిన మోడుకు బిరడా బిగించుకుని చలికాలం అందులోనే గడుపుతుంది. గాలి వీస్తే పైరు పడిపోతుంది. అందుకే కెనడాలో 1946లో రెస్క్యూ అనే గోధుమ రకం విడుదల చేశారు, దాని కాండం లోపల బోలుగా కాక నిండుగా ఉంటుంది, పిల్లకు తొలవడం కష్టం.

నన్ను బాగా పట్టేసింది చెక్క తొలిచేవాటి కథ. కొన్ని జాతుల్లో తల్లి గుడ్డుతో పాటు బూజు కూడా చెట్టులో పెడుతుంది, ఆ బూజే పిల్లకు ఆధారం. ఇంకో కుటుంబం పిల్లలు చెక్కలోని పెంకుపురుగుల పిల్లల్ని తిని బతుకుతాయి. నడుము సన్నబడ్డ కందిరీగల వంశానికి అతి దగ్గరి చుట్టం ఆ కుటుంబమేనట. ఆకు తినే వంశం మాంసానికి అలవాటుపడింది చెట్టు లోపలేనని పరిశోధకుల అంచనా. ఇంత కథ ఉన్న జీవులకు మన వ్యవసాయ పుస్తకాల్లో తెగుళ్లు, పురుగుల పేజీలో రెండు లైన్లిచ్చి ఊరుకుంటే నాకు మనసొప్పదు. తేనెటీగల పాఠం వీటితోనే మొదలుపెట్టాలి.