మొగ దాటాల్సిన ముక్కు

పడవ ముక్కు మాటెత్తితే చాలామంది ముందు ఎత్తు గురించే అడుగుతారు. ముక్కు ఎంత లేచి ఉంటే అంత ధైర్యం అనుకుంటారు. భైరవపాలెం దగ్గర గోదావరి పాయ గౌతమి మొగ, అంటే సముద్రంలో కలిసే చోటు, దాటేవాళ్ళకైనా, అంతర్వేది దగ్గర వశిష్ఠ మొగ దాటేవాళ్ళకైనా ఎత్తు కావాల్సిందే, కాదనను. కానీ పడవ కెరటం మీదికి ఎక్కుతుందా, కెరటంలోకి దూరుతుందా, కెరటాన్ని గుద్ది ఆగిపోతుందా అన్నది ఎత్తు ఒక్కటే తేల్చదు. నీటి గీత, అంటే పక్కల మీద నీళ్ళు తగిలే మట్టం, దగ్గర ముక్కు ఎంత సన్నంగా ఉంది, ఆ పైన ఎంత త్వరగా వెడల్పవుతోంది, నీటి కింద ఎంత లోతుకు దిగింది, అందులో ఎంత బరువు పెట్టారు అన్నవి కూడా చూడాలి. కొత్త పడవ కట్టించుకునేవాళ్ళు ఇంజిను గుర్రాల గురించి పది ప్రశ్నలు వేసి, వీటి గురించి ఒక్కటీ అడగరు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు కెరటం లెక్క చూద్దాం. ఒక కెరటం వచ్చాక తర్వాతది రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి, ఆ అంకెను దానితోనే హెచ్చవేసి, మళ్ళీ 1.56తో గుణిస్తే లోతు నీటిలో కెరటం పొడవు మీటర్లలో వస్తుంది. 6 సెకన్ల కెరటం పొడవు 56 మీటర్లు. అది సుమారు 18 నాట్ల వేగంతో నడుస్తుంది (నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు). 8 నాట్ల మీద ఎదురెళ్ళే మరబోటు ముక్కు 6 సెకన్లకోసారి కాదు, దాదాపు 4 సెకన్లకోసారి లేస్తుంది. వేగం 4 నాట్లకు తగ్గిస్తే ఆ విరామం 5 సెకన్ల దగ్గరికి వస్తుంది. అదే కెరటం వెనకనుంచి వస్తుంటే 8 నాట్ల మీద పదిన్నర సెకన్లు పడుతుంది. సముద్రం అదే, కెరటం అదే. పడవ వెళ్ళే దిక్కును బట్టి, వేగాన్ని బట్టి ముక్కు మీద పడే పని మారిపోతుంది.

పడవ పొడవుకు సమానంగా, లేదా దానికి ఒకటిన్నర రెట్లు ఉన్న కెరటం ఎదురైనప్పుడు ముక్కూ వెనకా ఊగడం ఎక్కువవుతుంది. 12 మీటర్ల పడవను 56 మీటర్ల కెరటం పెద్దగా ఇబ్బంది పెట్టదు. పడవ దాని వాలు వెంట ఎక్కి దిగుతుంది, అంతే. పడవను చంపేది 3 సెకన్లకోసారి వచ్చే పొట్టి కెరటం, అంటే 14 మీటర్ల పొడవున్నది. గాలి రేగినప్పుడు ఒడ్డుకు దగ్గర్లో లేచేవి ఇవే. సముద్రంలోని చమురు బావులకు సామాన్లు మోసే 70 మీటర్ల సరఫరా ఓడకేమో ఈ చిన్న కెరటాలు లెక్కే కాదు, 7, 8 సెకన్ల కెరటాలు దాని పని పడతాయి. వాయుగుండం పట్టిన రోజుల్లో బంగాళాఖాతంలో అవి కొరత కాదు.

కడుపులో తిప్పడానికి కూడా లెక్కుంది. 5, 6 సెకన్లకోసారి మనిషి నిలువునా పైకీ కిందికీ వెళ్తుంటే వాంతి ఎక్కువగా వస్తుంది. అంతకన్నా త్వరగా ఊగితే ఒళ్ళు నొప్పులు, మోకాళ్ళ నొప్పులు ఎక్కువ, వాంతి తక్కువ. అందుకే ముక్కు కొట్టుకుంటోందని సరంగు (పడవ నడిపే పెద్ద) వేగం తగ్గించిన కాసేపటికి కొత్త కళాసీలు పక్కకి వాలిపోతారు. దెబ్బ తగ్గింది కానీ ఊగే కాలం కడుపుకు సరిపడని చోటికి వచ్చింది. అప్పుడు వేగంతోపాటు దిక్కు కూడా 30, 40 డిగ్రీలు తిప్పి చూడాలి. పక్క ఊపు కొంత పెరుగుతుంది, ముక్కు ఊపు తగ్గుతుంది. ఎంత తగ్గిందో ఊహించుకోవడం కాదు, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి 10 సార్లు ముక్కు లేచేదాకా లెక్కపెట్టి పదితో భాగిస్తే తెలిసిపోతుంది.

ఇక ముక్కు ఆకారం. నీటి గీతకు పైన ముక్కు పక్కలు బయటికి విచ్చుకునే తీరుంటుందే, అదే ముక్కును నీళ్ళలో మునిగిపోకుండా కాసేది. ముక్కు అర మీటరు దిగితే కొంచెం, ఒక మీటరు దిగితే ఇంకాస్త, అలా క్రమంగా తేలే శక్తి పెరగాలి. విచ్చుకోవడం మరీ తక్కువైతే ముక్కు ఆగకుండా దిగి డెక్ మీదికి నిండు నీళ్ళు తీసుకుంటుంది. మరీ ఎక్కువైతే కెరటం ఆ విచ్చిన భాగానికి కింద తగిలి పడవ ఒక్క కుదుపుతో ఆగుతుంది. డెక్ పొడిగా ఉంటుంది కానీ లోపల వాళ్ళ పళ్ళు కదులుతాయి. డెక్ వెడల్పు కోసం ముక్కు దగ్గర పక్కల్ని బాగా బయటికి లాగి కట్టించుకునేవాళ్ళకు వల సర్దుకునే చోటు దొరుకుతుంది, వేగం పోతుంది. ప్రతి కెరటానికీ కొంత వేగం పోగొట్టుకుని మళ్ళీ అందుకోవడానికి డీజిలు కాల్చాలి.

నీటి కింద భాగం ఇంకా ముఖ్యం. ముక్కు పూర్తిగా నీళ్ళలోంచి లేచి మళ్ళీ పడేటప్పుడు అడుగు ఏ వాలుతో నీటిని తాకుతుందో దాన్ని బట్టే దెబ్బ ఉంటుంది. అడుగు వాలు 10 డిగ్రీలున్న చోట పడే గరిష్ఠ ఒత్తిడితో పోలిస్తే 30 డిగ్రీలున్న చోట, అదే వేగంతో పడితే, ఒత్తిడి లెక్క ప్రకారం పదో వంతుకు వస్తుంది. ముందు భాగంలో కత్తిలా వాలి, వెనక్కి వచ్చేకొద్దీ చదునయ్యే అడుగు మంచిది అనేది అందుకే. కానీ ఒడ్డు మీదికి లాగే ఫైబర్ బోట్లకు అడుగు చదునుగా లేకపోతే ఇసక మీద పక్కకి ఒరిగిపోతాయి. ఇక్కడ రాజీ తప్పదు. ఇసక మీద ఆనేది మధ్య, వెనక భాగాలు కాబట్టి అక్కడ చదును ఉంచి, ముందు మూడో వంతులో వాలు పెట్టించుకోవడం నా దృష్టిలో సరైన రాజీ. అచ్చు మొత్తం చదునుగా ఉన్న బోటు చవకగా వస్తుంది. ఆ చవక, ఈశాన్య గాలుల్లో రెండు నెలలు తిరిగేసరికి తేలిపోతుంది.

మొగ దగ్గర లెక్కంతా తిరగబడుతుంది. లోతు తగ్గితే కెరటం నెమ్మదిస్తుంది, పొట్టిదవుతుంది, నిటారవుతుంది. 2 మీటర్ల లోతులో కెరటం వేగం సుమారు 8.6 నాట్లే. కెరటం ఎత్తు లోతులో నాలుగింట మూడు వంతులు దాటితే విరిగిపడుతుంది, అంటే ఇసక మేట మీద 2 మీటర్ల నీళ్ళుంటే ఒకటిన్నర మీటర్ల కెరటం అక్కడ నిలవదు. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నది నీళ్ళు బయటికి తోసుకొస్తుంటే కెరటం ఇంకా నిటారవుతుంది. లోపలికి వచ్చే 8 నాట్ల బోటు, వెనకనుంచి వచ్చే 8.6 నాట్ల కెరటం. రెండూ జోడుగా నడుస్తాయి. బోటు కెరటం ముందు వాలు మీద కూర్చుని జారుతుంది, ముక్కు ముందున్న నీటిలో గుచ్చుకుంటుంది, వెనక భాగం పక్కకి తిరుగుతుంది, చుక్కాని చేతిలో ఉన్నా పనిచేయదు. మొగ దగ్గర తిరగబడే పడవల్లో చాలావాటికి ఇదే కారణం.

లోతుగా, సన్నంగా దిగిన ముక్కు ఎదురు కెరటానికి హాయి. వెనక కెరటానికి మాత్రం అది ముందున్న రెండో చుక్కానిలా మారి పడవను తన ఇష్టం వచ్చిన వైపు తిప్పేస్తుంది. కాబట్టి లోపలికి వచ్చేటప్పుడు ముక్కులోని మంచు, తాళ్ళు, డబ్బాలు వెనక్కి జరిపి ముక్కును తేలిక చేయాలి. బయట ఆగి, పోటు వేళ, వరసలో పెద్ద కెరటాలు పోయాక, ఒక కెరటం వీపు వెనకే ఉండి, దాన్ని దాటకుండా రావాలి. బయటికి పోయేటప్పుడు కెరటానికి ఎదురుగా, ఒక మోస్తరు వేగంతో ఎక్కి, కొన దాటే ముందు యాక్సిలరేటర్ వదలాలి. వదలకపోతే ముక్కు గాలిలోకి లేచి అవతలి వైపు అడుగు అంతా ఒక్కసారే పడుతుంది.

బరువు విషయంలో ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు. ఊపును ప్రభావితం చేసేది బరువూ, మధ్య నుంచి దూరం వర్గమూ. 100 కిలోల లంగరు, తాడు మధ్యకు 2 మీటర్ల దూరంలో ఉంటే ఒక వంతు అనుకోండి, 6 మీటర్ల దూరంలో ముక్కు చివర ఉంటే తొమ్మిది వంతులు. బరువెక్కిన ముక్కు కెరటానికి ఆలస్యంగా లేస్తుంది, అప్పటికి తర్వాతి కెరటం వచ్చేస్తుంది. వెనక మరీ బరువైతే ముక్కు గాలికి తిరుగుతుంది, అడుగు కొట్టుకుంటుంది. అన్నిటికన్నా ప్రమాదం ముందు అరలో చేరిన నీళ్ళు. ముక్కు వంగితే అవీ ముందుకే పరుగెత్తి దాన్ని ఇంకా వంచుతాయి.

కాకినాడ రేవు బయట ఖాళీగా నిలబడ్డ ఓడల ముందు, నీటిపైకి తేలిన గుండ్రటి ఉబ్బు కనిపిస్తుంటుంది. బల్బు ముక్కు అంటారు. ఓడ ముక్కు లేపే కెరటానికి ఎదురుగా ఇంకో కెరటం లేపి, రెండూ ఒకదాన్నొకటి మింగేలా చేయడం దాని పని. అమెరికా నౌకాదళంలో డేవిడ్ టేలర్ 20వ శతాబ్దం మొదట్లో దీన్ని యుద్ధనౌకలకు తెచ్చాడు. 1960ల్లో జపాన్‌లో టకావో ఇనుయి చేసిన పని తర్వాత వాణిజ్య ఓడలకు విస్తరించింది. అది నిర్ణీత లోతులో మునిగి, నిర్ణీత వేగంలో నడిస్తేనే లాభం. ఖాళీగా పైకి తేలితే కెరటాల మీద చరుచుకుంటుంది. వేగం తగ్గిస్తే ఉత్త బరువు. ఐసు నింపుకుని వెళ్ళి, అది కరుగుతూ, చేపలు నిండుతూ రోజుకో లోతులో తేలే మన మరబోటుకు దీన్ని తగిలించడం దండగ. పైగా వలలు చిక్కుకుంటాయి.

కేజీ బేసిన్‌కు, అంటే కృష్ణా గోదావరి తీరంలో సముద్రంలోని చమురు, గ్యాస్ బావులకు, సామాన్లూ మనుషులూ మోసే ఓడలకు వేరే దారులున్నాయి. నార్వేలో ఉల్‌స్టైన్ కంపెనీ కట్టిన బోర్బన్ ఓర్కా అనే ఓడ 2006లో ఎక్స్-బో అనే వెనక్కి వాలిన ముక్కుతో నీళ్ళలో దిగింది. దానికి విచ్చుకునే పక్కలే లేవు. కెరటం పైకి పాకుతూ ముక్కు మీద మెల్లగా బరువు పెంచుతుంది కాబట్టి కుదుపు తక్కువ, వేగం ఎక్కువసేపు నిలుస్తుంది, ముక్కు దగ్గర గదుల్లో పడుకున్నవాళ్ళకు నిద్ర పడుతుంది. అద్దాల మీద తుంపర ఎక్కువ పడుతుంది, అది వేరే సంగతి. డచ్చివాళ్ళు డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో తయారుచేసిన గొడ్డలి ముక్కు ఇంకో రకం. నిటారుగా, సన్నంగా, పైకీ కిందికీ బాగా పొడవుగా ఉంటుంది. వేగంగా వెళ్ళే సిబ్బంది పడవల్లో నిలువు కుదుపును బాగా తగ్గిస్తుంది. కానీ దాని అడుగు లోతు, వెనక కెరటంలో చుక్కాని మీద పెట్టే భారం చూస్తే, మేటలు వేసే మన మొగలకు ఇది సరిపడే రకం కాదు. కాకినాడ లాంటి లోతైన రేవు నుంచి నడిచే పడవలకే బాగు.

తాళ్ళరేవు, కోరంగి వైపు ఓడల పని పాతకాలపు విద్య. 1839 నవంబరు ఉప్పెన దెబ్బ తీసేదాకా కోరంగి ఓడలు కట్టి బాగుచేసిన రేవు. కర్ర పడవల్లో ముక్కుకు వచ్చే జబ్బు ఎక్కడ మొదలవుతుందో ఆ పనివాళ్ళను అడిగితే ఒకే చోటు చూపిస్తారు: పక్క పలకలు ముందు నిలువు దూలాన్ని కలిసే చోటు. కొట్టుకున్నకొద్దీ అక్కడ మేకులు వదులై, సందుల్లో కూరిన పత్తి, గుగ్గిలం కదిలిపోతుంది. చెమ్మ ముందు అరలో కనిపిస్తుంది.

ఫైబర్ బోటులో జబ్బు ముక్కు కొనలో ఉండదు, ముందు నుంచి పొడవులో నాలుగో వంతు, మూడో వంతు దూరంలో అడుగున ఉంటుంది, అక్కడే దెబ్బ పడుతుంది కనుక. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉన్న 61 రోజుల్లో బోటు ఒడ్డున ఉన్నప్పుడు చూసుకోవాలి. ముందు పచ్చటి నాచు గోకి, అడుగు తుడిచి ఆరనివ్వాలి. పది రూపాయల బిళ్ళతో నడిమి గీత నుంచి పక్కకి, బెత్తెడు దూరంలో ఒక్కో దెబ్బ కొట్టుకుంటూ పోతే బాగున్న చోట టక్ టక్‌మని గట్టిగా మోగుతుంది. పొరలు విడిన చోట డొల్లగా, మెత్తగా వస్తుంది. అక్కడ సుద్దతో గీసుకుని, ఆ చుట్టూ ఇంకా చిన్న దూరంలో కొట్టి అంచు కనుక్కోవాలి. పైన సాలెగూడులాంటి పగుళ్ళు కనిపిస్తే లోపలి వైపు చూడకుండా పైపూత మాత్రం పూయించుకోవద్దు. పొరలు విడిన మేర మొత్తం గోకి తీసి, అంచుల్ని వాలుగా అరగదీసి, ఎండబెట్టి, కొత్త మ్యాట్ (గాజు పీచు గుడ్డ) పొరలు వేయించాలి. తడి ఉండగా రెసిన్ (పొరల్ని అంటించే జిగురు) వేస్తే అది పట్టదు, తర్వాతి సీజనులో అదే చోట మళ్ళీ విడుతుంది.