నాటిన అడవుల లెక్క: భారత్, చైనాలను పోల్చడంలో నా అనుభవం

ఎం.ఎస్సీ. చివరి ఏడాది ప్రాజెక్టుకు చిన్న అంశమే తీసుకున్నాననుకున్నాను. భారత్‌లో, చైనాలో మనుషులు నాటి పెంచిన అడవుల విస్తీర్ణం ఏళ్ల తరబడి ఎలా మారిందో చూపే గీతల పటం (గ్రాఫ్) ఒకటి గీయాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ అటవీ వనరుల నివేదికల్లో అంకెలు సిద్ధంగా ఉంటాయి కాబట్టి వారం చాలనుకున్నాను. రెండు నెలలు పట్టింది.

మొదట 2000, 2005, 2010 నివేదికలు తీసి, ఏ ఏడాది అంకెను ఆ ఏడాది నివేదిక నుంచే రాసుకున్నాను. భారత్‌కు వరుసగా 3.26 కోట్ల హెక్టార్లు, 32 లక్షలు, 1.02 కోట్లు వచ్చాయి. దశాంశ బిందువు తప్పుగా పెట్టానేమోనని మళ్లీ మళ్లీ సరిచూశాను. అంకెలు సరిగానే ఉన్నాయి. చైనా కూడా 2000లో 4.5 కోట్లు, 2005లో 3.1 కోట్లు. పటం చూడగానే మా గైడ్ గారు, "ఐదేళ్లలో దాదాపు మూడు కోట్ల హెక్టార్ల చెట్లు ఎవరు కొట్టేశారమ్మా?" అని అడిగారు.

ఎవరూ కొట్టలేదు. మారింది నిర్వచనం. 2005 నివేదికలో ప్లాంటేషన్ అంటే విదేశీ జాతుల చెట్లు, లేదా ఒకే వయసులో వరుసల్లో పెంచే స్థానిక జాతులు. 2010లో ఆ హద్దు సడలించి, నాటడం వల్ల ఏర్పడిన అడవినంతా ఒకే పద్దులో చేర్చారు. దీనికి తోడు, ఏటా నాటిన విస్తీర్ణాన్ని కూడుతూ పోతే వచ్చే మొత్తం వేరు, వాటిలో బతికి ఈరోజు నేల మీద నిలిచి ఉన్నది వేరు. మన దగ్గర మొక్కలు నాటే పథకాల గురించి మాట్లాడేవారంతా ఈ తేడా గుర్తుంచుకోవాలని నాకు గట్టిగా అనిపించింది.

అందుకే వేర్వేరు నివేదికల అంకెలను కలిపి కుట్టడం మానేశాను. 2015 నివేదిక ఒకే నిర్వచనంతో 1990 వరకు వెనక్కి లెక్కించి ఇచ్చింది. దాని ప్రకారం భారత్ సుమారు 57 లక్షల హెక్టార్ల నుంచి 1.2 కోట్లకు, చైనా సుమారు 4.2 కోట్ల నుంచి 7.9 కోట్లకు పెరిగాయి. రెట్లలో చూస్తే మనమే కాస్త ముందున్నాం. నేల మీద చూస్తే తేడా చాలా పెద్దది. 2000 నుంచి 2005 వరకు, ఆ ఐదేళ్లలోనే చైనా సుమారు 1.28 కోట్ల హెక్టార్లు చేర్చింది. 2015 నాటికి మన దగ్గర ఉన్న మొత్తం కన్నా అది ఎక్కువ. 1998లో యాంగ్జీ వరదల తర్వాత, ఏటవాలు పొలాలను అడవిగా మార్చే రైతులకు ధాన్యం, డబ్బు ఇచ్చే పథకాన్ని అక్కడి ప్రభుత్వం 1999లో మొదలుపెట్టింది. ఉత్తరాన ఎడారి ఇసుకను ఆపే రక్షణ వనాల పని అప్పటికే 1978 నుంచి సాగుతోంది. గీత ఆ చోట నిటారుగా లేవడానికి కారణం వెతుక్కోవలసిన అవసరం నాకు కలగలేదు.

పటం పూర్తయ్యాక సెలవులకు నూజివీడు దగ్గర మా ఊరికి వెళ్లాను. నాన్న లెక్కలన్నీ ఓపికగా విని, "మరి మన మామిడి తోట అడవేనా?" అని అడిగారు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ లెక్కలో హెక్టారుకు తగ్గకుండా ఉండి, చెట్ల కొమ్మలు కనీసం 10 శాతం నేలను కప్పితే చాలు. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా అటవీ విస్తీర్ణంలోకే వస్తుంది. ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వచనం మాత్రం పండ్ల తోటలను అడవిగా ఒప్పుకోదు. "ఒక లెక్కలో అవును, ఇంకో లెక్కలో కాదు నాన్నా" అన్నాను. ఆ రాత్రే కూర్చుని, పటం కింద మూలలో చిన్న అక్షరాల్లో ఉన్న నిర్వచనాన్ని శీర్షిక పక్కకు, అంకెలంత పెద్ద అక్షరాల్లోకి మార్చాను.