వానలో టార్చ్ లైటు

నిన్న రాత్రి జోరు వానలో నడిచి వచ్చాను. నుదుటికి కట్టుకునే హెడ్‌ల్యాంప్ ఫుల్‌లో పెట్టాను కానీ దారి కనబడలేదు, కళ్ల ముందు తెల్లటి తెర ఒక్కటే! ముఖానికి అడుగు దూరంలో పడే ప్రతి చినుకూ వెండి గీతలా మెరిసి పోతోంది. లైటు పాడైందేమోనని టెన్షన్ పడ్డాను.

పాడవలేదు. చినుకులు వెలుతురును తిరిగి మన కళ్లలోకే కొడతాయి. లైటు నుదుటి మీద, కంటి పక్కనే ఉంటే ఆ మెరుపంతా నేరుగా మనకే. పొగమంచులో ఇంకా ఘోరం, ఆ బిందువులు మిల్లీమీటరులో వందో వంతు ఉంటాయి, లెక్కలేనన్ని.

హెడ్‌ల్యాంప్ తీసి నడుము దగ్గర పట్టుకుని వెలుతురు తగ్గించాను. తెర పల్చబడింది, రాళ్లు, దారి కనబడ్డాయి. ఎంత హాయి అనిపించిందో!

ఇంకోటి, తడిసిన నేల నల్లగా కనిపిస్తుంది. నీటి పొర అద్దంలా వెలుతురును ముందుకే పంపేస్తుంది, మన వైపు వచ్చేది తక్కువ. అందుకే గుంటేదో నేలేదో తెలియక రెండుసార్లు తడబడ్డాను. ఇకపై వానలో చేతి టార్చే తీసుకెళ్తాను, కిందికి దించి.