ట్యాంకు వైపు పడ్డ నీడ

ముషీరాబాద్ వైపు ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి పరిసరాల విజ్ఞానం చెప్తాను. మా పిల్లలకు ప్రశ్న జవాబులు నోటికి వచ్చు. తామే చూసి తేల్చుకోవడం మాత్రం అలవాటు లేదు. నేనూ అలవాటు చేయలేదు. అందుకే ఈసారి బడి తెరిచిన కొద్దిరోజులకే అడిగాను: "మిట్టమధ్యాహ్నం నీడ ఎంత ఉంటుంది?"

"అసలు ఉండదు టీచర్!" అంది క్లాసంతా. ఆ మాటే నోటుబుక్కుల్లో రాయించి, బయటికి తీసుకెళ్లాను.

మీటరు కర్రను ముందే వడ్రంగి చేత చెక్కపలక మీద నిలబెట్టించాను. అది నిటారుగా ఉందో లేదో పిల్లలే దారానికి రాయి కట్టి చూశారు. జూన్‌లో హైదరాబాద్‌లో సూర్యుడు బాగా పైకి చేరేది పన్నెండుకు కాదు, 12:18 ప్రాంతంలో. అప్పుడు కూడా పది సెంటీమీటర్లకు పైనే నీడ ఉంది.

"టీచర్, నీడ ట్యాంకు వైపు పడుతోంది" అంది ఒక పాప. ట్యాంకు మాకు దక్షిణాన ఉంది. మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుందని నా మనసులో పాతుకుపోయింది. "సరిగ్గా చూడమ్మా" అనబోయి ఆగాను. పాప చూసిందే నిజం. జూన్‌లో సూర్యుడు కర్కటరేఖ దగ్గర నడినెత్తిన ఉంటాడు; మన ఊరు ఆ రేఖకు దక్షిణాన ఉంది కాబట్టి మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. నేను నోరు జారి ఉంటే ఆ పిల్ల మళ్లీ తన కళ్లను నమ్మేదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కొలతల దగ్గర గొడవైంది. అదే నీడ ఒకరికి పదిన్నర, ఇంకొకరికి పది. నేను తీర్పు చెప్పలేదు, ఎలా కొలిచారో ఒకరికొకరు చూపించుకోమన్నాను. ఒకరు సున్నా గీతను కర్రకు ఆనించారు, ఇంకొకరు స్కేలు అంచును. సున్నాకు ముందు అర సెంటీమీటరు ఖాళీ ఉందని వాళ్లే పట్టుకున్నారు.

తర్వాత రోజూ కొలిచి చార్టులో రాశాం. నీడ తగ్గుతూ వచ్చింది. జులైలో ముసురు పట్టింది. "నిన్నటికీ రేపటికీ మధ్య అంకె వేసేద్దాం టీచర్" అన్నాడొక బాబు. "నువ్వు చూశావా నాన్నా?" అని అడిగాను. ఆలోచించి, ఆ గడిలో మబ్బు బొమ్మ వేశాడు.

ఆగస్టు 3 దగ్గరపడింది. ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో మన ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, నిలువు కర్రకు నీడ పడదు. మేలో బడి ఉండదు, మాకు దక్కేది ఆగస్టే. ఆ రోజు 12:23 అయ్యేదాకా అన్నం గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. మబ్బు తొలగలేదు. కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలున్నారు, నాకూ బాధేసింది.

7న ఎండ వచ్చింది. నీడ ట్యాంకుకు ఎదురు దిక్కున, రెండు సెంటీమీటర్లకు తక్కువ. జూన్‌లో నీడ దిక్కు చెప్పిన పాప చార్టు దగ్గరికెళ్లి జులై 30 గడి మీద వేలు పెట్టింది: "ఇక్కడ అటు, ఇప్పుడు ఇటు. మధ్యలో సున్నా అయ్యే ఉండాలి టీచర్."

"మరి 3వ తేదీ గడిలో సున్నా వేస్తావా?"

తల అడ్డంగా ఊపింది. మబ్బు బొమ్మను అలాగే ఉంచి, దాని కింద పెన్సిల్‌తో చిన్నగా రాసింది: "సున్నా అనుకుంటున్నాం. చూడలేదు."