ఇకాహో మంజు: పక్క పగులు ఇంకా వదల్లేదు

మంజు మళ్ళీ పగిలింది. మంజు అంటే తీపి పూర్ణం పెట్టి ఆవిరి మీద ఉడికించే జపాన్ బన్ను. పైన కాదు, ఎప్పటిలాగే పక్కన, అడుగు నుంచి ఒక సెంటీమీటరు ఎత్తులో. రెండు సెంటీమీటర్ల చీలిక, అందులోంచి పూర్ణం కనిపిస్తోంది. రుచికి వంక పెట్టడానికి లేదు. కానీ జపాన్‌లోని వేడినీటి బుగ్గల ఊరు ఇకాహోలో రాతి మెట్ల మీద అమ్మే మంజుకి ఒక్క గీత కూడా ఉండదు, కాబట్టి ఇది కుదిరినట్టు లెక్క కాదు.

సరిపోల్చుకోవడానికి మళ్ళీ ఇకాహో వెళ్ళిరావడం మంచిదైంది. టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో తకసాకి, అక్కణ్ణుంచి జోఎత్సు లైన్‌లో షిబుకవ, ఆపైన బస్సు. పొద్దున్నే బయల్దేరితే మంజు తింటూ 365 మెట్లూ ఎక్కి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఆన్‌సెన్ (వేడినీటి బుగ్గ) మంజు పుట్టింది ఇక్కడే, మెట్ల పైచివరనున్న షోగెత్సుదో దుకాణంలో, 1910లో అంటారు. ఈ ఊరి బుగ్గ నీళ్ళలో ఇనుముంటుంది, గాలి తగిలితే గోధుమరంగుకి తిరుగుతాయి. ఆ రంగు కోసమే పిండిలో నల్ల బెల్లం కలిపారు. వేడివేడిది సగానికి విరిచి చూడండి: పొర చుట్టూ ఒకే మందం, సుమారు మూడు మిల్లీమీటర్లు. పొరకీ పూర్ణానికీ మధ్య వెంట్రుకవాసి సందు కూడా ఉండదు. పుల్లకి గుచ్చిన తమకొన్యకు (కొన్యకు దుంప పిండితో చేసిన జిగురు ఉండలు) కూడా బాగుంటుంది, అయితే వాటిని ఉడికించిన పులుసులో చేపతో కాచిన దాషి రసం ఉందేమో శాకాహారులు అడిగి తినాలి.

ఇక పగులు సంగతి. పది మంజులకి కొలత: హకురికికో (ప్రోటీన్ తక్కువున్న మెత్తటి మైదా) 100 గ్రా, ఒకినావా నల్ల బెల్లం 65 గ్రా, నీళ్ళు 28 గ్రా, వంట సోడా 2 గ్రా. పిండి ఉండ 19 గ్రా, కొషీఆన్ (ఎర్ర అజుకి గింజల నున్నటి తీపి పూర్ణం) ఉండ 25 గ్రా. పాకం వడకట్టి పూర్తిగా చల్లారాకే సోడా కలపాలి. వేడి మీద వేస్తే గ్యాస్ అంతా గిన్నెలోనే పోతుంది. సోడాని చెంచాడు నీళ్ళలో కరిగించి వేయకపోతే పసుపు మచ్చలు ఖాయం.

మొదటి అనుమానం సోడా మీదే. 1.5 గ్రాములకి తగ్గిస్తే చీలిక చిన్నదైంది గానీ పొర బిగుసుకుపోయి రంగు వెలిసింది. తర్వాత మంట. సన్నం చేస్తే పగల్లేదు, బదులుగా మంజు చదునుగా సాగిలపడి పైన జిగురైంది. పూర్ణంలో తడి ఎక్కువేమోనని 300 గ్రాముల కొషీఆన్‌ని బాణలిలో 270 గ్రాములయ్యేదాకా తిప్పితే నిజంగానే కొంత మేలు. ప్యాకెట్ కొషీఆన్ వాడేవాళ్ళు ఈ పని మానొద్దు.

అసలు ఆధారం కోసినప్పుడు దొరికింది. అడుగున పొర 6 మిల్లీమీటర్లు, పక్కన 2కి తక్కువ. అంచులన్నీ కిందికి లాగి ముడి వేసేటప్పుడు పిండంతా అడుగున పోగుపడుతోంది, పక్కలు సాగి పల్చబడుతున్నాయి. చీలిక సరిగ్గా అక్కడే. పిండి బిళ్ళని 6 బదులు 7.5 సెంటీమీటర్లకి వత్తి, అంచు పల్చగా నడుమ మందంగా ఉంచితే సాగదీసే పని తగ్గింది, చీలికలూ తగ్గాయి. పూర్తిగా పోలేదు.

మిగిలిన చీలికలు ఆవిరికి పెట్టే స్టీలు గిన్నె గోడవైపు తిరిగిన పక్కనే వస్తున్నాయి. ఆ అంచున ఆవిరి నేరుగా కొడుతుంది. దానికి తోడు పూర్ణం ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనంతోనే లోపలికి వెళ్తోంది. పొర ముందే ఉడికి బిగుసుకుంటుంది, లోపలిది ఆలస్యంగా వేడెక్కి ఉబ్బుతుంది, సాగే గుణం పోయిన పొర పల్చటిచోట తెగుతుంది. ప్రస్తుతానికి నా ఊహ ఇది.

హకురికికో బ్రాండ్లలో నిస్షిన్ వైలెట్‌కే నా ఓటు, మృదుత్వం తెలిసిపోతుంది. మన ఊళ్ళో చేసేవాళ్ళు అచ్చు బెల్లం కంటే తాటి బెల్లం వాడండి, రంగు దగ్గరగా వస్తుంది. ఇడ్లీ పాత్రైతే మూతకి గుడ్డ తప్పనిసరి, ఒక్క చుక్క పడినా పైన గుంట పడుతుంది. ఆవిరికి పెట్టేముందు మంజుల మీద స్ప్రేతో నీళ్ళు చిమ్మాలి, పొడిపిండి మిగిలితే అక్కడ బీటలొస్తాయి.

ఇక చేసి చూడాల్సినవి రెండు: పూర్ణాన్ని గది వేడికి తేవడం, స్టీలు గిన్నె బదులు సెయిరోలో (ఆవిరికి వాడే వెదురు బుట్ట) గోడకి మూడు సెంటీమీటర్లు ఎడంగా పెట్టి 11 నిమిషాలు ఉడికించడం. రెండు మార్పులూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు, అందుకని తర్వాతి విడతలో ముందు సెయిరో ఒక్కటే. ఆ తర్వాత మరో వేడినీటి బుగ్గల ఊరు కుసత్సు వెళ్ళాలి. నగనొహర-కుసత్సుగుచి స్టేషన్‌లో దిగి బస్సెక్కితే, దిగినచోటికి ఊరి నడిబొడ్డున వేడినీళ్ళు పారే యుబతకె దగ్గరే. అక్కడి నుంచి సాయినొకవర పార్కు వైపు వెళ్ళే వీధిలో మంజు దుకాణాలవాళ్ళు వేడివి చేతిలో పెడతారు. ఒకటి విరిచి, పక్క పొర ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవాలి.